కార్పెట్ కింద మగ్గం గుంత

కార్తీకమాసం రెండో శుక్రవారం, పొద్దున పదింపావుకు ధర్మవరంలో మా కొత్త ఇంటి తలుపు తోశాం. అది సగం తెరుచుకుని ఆగిపోయింది. మా కొడుకు భుజం ఆనించి నెట్టినా కదల్లేదు. కింద ఏదో అడ్డుపడుతోంది. ఒక్కొక్కరం పక్కకు తిరిగి లోపలికి దూరాం. పెనుకొండ నుంచి మాతో వచ్చిన మా ఆడబిడ్డ లావుపాటి మనిషి. ఆమె దూరడానికి కాస్త సేపు పట్టింది.

అడ్డుపడింది కార్పెట్. ముందు గది మొత్తం, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ముదురు ఎరుపు కార్పెట్ అతికించి ఉంది. మా కొడుకు పట్టుచీరలు అమ్ముతాడు. బెంగళూరు దుకాణాల్లో కార్పెట్ మీద చీరలు పరిచి చూపిస్తారని, మన ఇంటికొచ్చే గిరాకీలకూ అట్లాగే ఉండాలని వాడి కోరిక. దానికోసం హిందూపురానికి ఎన్నిసార్లు తిరిగాడో. కొన్నచోటే పరిచే మనిషిని కుదుర్చుకుని తాళంచెవి అతని చేతికిచ్చాడు. మేమంతా ఆడబిడ్డ మనవడికి పేరు పెడుతుంటే పెనుకొండ పోయాం. మేం తిరిగొచ్చేలోగా వాళ్లు పని ముగించుకుని పోయారు.

గది నడుమ కార్పెట్ అక్కడక్కడా దోసె పొంగినట్టు పొంగింది. కాలితో నొక్కితే ఇక్కడ అణిగి అక్కడ లేచింది. బంక వాసన, దానితో పాటు తడి సిమెంటు వాసన. నేల ఇంకా ఆరలేదు. తలుపు అడుగున కొంచెం కోయిస్తే సరిపోతుందని, ఉబ్బులు వాటంతట అవే దిగుతాయని కొడుకు మాకు నచ్చచెబుతున్నాడు.

నా మొగుడు అదేమీ వినడం లేదు. కిటికీ దగ్గరికి పోయి మడమతో నేలను తడుతున్నాడు. కొంతదూరం గట్టి చప్పుడు, తర్వాత డొల్ల చప్పుడు. అక్కడే నిలబడ్డాడు.

“ఈడుండాది,” అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. ఆయనది గుంత మగ్గం. నేసేవాడు గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి దించి, కింద చెక్కలు తొక్కాలి. ఇల్లు కట్టేటప్పుడే కిటికీ వెలుతురు పడేచోట ఆ గుంత తవ్వించి, చుట్టూ రాయి కట్టించి, పసుపు కుంకుమ పెట్టాం. గృహప్రవేశం నాడు పిల్లలు అందులో పడతారని మేస్త్రీ చేత పైన చెక్కలు వేయించాం, నేలకు సమంగా. మళ్లీ ఆ చెక్కలు తీయలేదు. కార్పెట్ వాళ్లకు గుంత సంగతి ఎవరూ చెప్పలేదు. మా వీధిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నేసేవాళ్ల ఇల్లంటే గుంత ఉంటుంది. హిందూపురం మనిషికి అది తెలియదని మాకు తోచలేదు.

అద్దె ఇంట్లో మగ్గం విప్పేసి, కర్రలన్నీ మాతోపాటే ఆటోలో తెచ్చాం. సగం నేసిన చీరను కర్రకు చుట్టి, పైన పాత పంచె కప్పి, కోడలూ ఆటో మనిషీ చెరో కొస పట్టుకుని నిలబడ్డారు. దించే చోటు లేదు.

కొడుకు కార్పెట్ మనిషికి ఫోన్ చేశాడు. చెక్కలు కనబడ్డాయట. డ్రైనేజీ చాంబర్ అనుకున్నాడట. వాసన పైకి రాకూడదని అక్కడ బంక రెండింతలు పూశాడట. చేసిన మేలు చెప్పుకున్నట్టే చెప్పాడు. వస్తానన్నాడు.

అతను వచ్చేలోగా కొడుకు నా పక్కన నిలబడి, “ఇట్లే ఉండనీమ్మా. నాయన మోకాళ్లు చూస్తాండావు గదా. ఇంగెన్ని దినాలు నేస్తాడు?” అన్నాడు.

చాలాకాలంగా వాడు నోట్లో పెట్టుకుని తిరుగుతున్న మాట అది. ఆ రోజు బయటికొచ్చింది.

“నేసేది ఆపితే మీ నాయన ఏం జేయల్లరా? ఈడ కూసోని, వచ్చినోళ్లను చెప్పులు ఇడిసి రమ్మని చెప్పల్లనా?” అన్నాను.

ఆడబిడ్డ నవ్వింది. కొడుకు నవ్వలేదు. నా మొగుడు ఆ డొల్ల చోటు వదిలి కదలకుండానే అన్నాడు. “మోకాళ్లు నావి. ఆపే దినం నేను చెప్తా.”

ఇంతలో ఆటో మనిషి చేతులు పీకుతున్నాయని అన్నాడు. వంటింటి గట్టు మీద బట్ట పరిచి చీరను దించాం.

మధ్యాహ్నానికి కార్పెట్ మనిషి, అతని బావమరిది వచ్చారు. గుంత చుట్టూ చదరంగా కోస్తే చాలని కొడుకు అన్నాడు. చాలదన్నాడు నా మొగుడు. గుంత ముందు పడుగు, అంటే నిలువు దారాలు, ఎదుటి గోడ దాకా సాగాలి, అంతవరకూ ఖాళీ నేల కావాలి. కోడలు వంగి అరచేత్తో కార్పెట్ రుద్ది చూపించింది. చెయ్యంతా ఎర్రటి నూగు. సగం నేసి ఉన్నది మీగడ రంగు చీర. ఈ నూగు పట్టులో కలిస్తే ఆ చీర ఎవరు కొంటారని తన మొగుణ్ణే అడిగింది. సగం గది కార్పెట్ లేచిపోవాల్సిందే.

“పీకితే మళ్లా అతుక్కోదప్పా. నేల మీద బంక మరకలు నిలిచిపోతాయి. నువ్వు సరే అంటేనే కోస్తా,” అన్నాడు కార్పెట్ మనిషి.

మా కొడుకు తండ్రి వైపు చూశాడు. కార్పెట్ వైపు చూశాడు. “కొయ్యబ్బా,” అన్నాడు. అని తనే వంగి దారం ఒక కొస గోడకు పట్టుకున్నాడు, కోత వంకర పోకుండా.

పీకేసరికి సాయంత్రమైంది. చెక్కలు లేపితే గుంతలో సిమెంటు పెళ్లలు, చెమ్మ. ఊడ్చేదాకా కూడా ఆగకుండా నా మొగుడు గట్టు మీద కూర్చుని కాళ్లు లోపలికి దించాడు. మోకాళ్లు చప్పుడు చేశాయి, అందరికీ వినబడింది. లోతు ఒక ఇటుక ఎక్కువైందని, అడుగున ఇటుకలు పరచాలని అన్నాడు. మగ్గం కర్రలు లోపలికి తెమ్మన్నాడు. ఆ కర్రలు కొడుకే మోశాడు.

మిగిలిన సగంలో ఉబ్బులు ఇప్పటికీ ఉన్నాయి. గిరాకీలు వాటి మీదే కూర్చుని చీరలు చూస్తారు, పక్కన ఆయన నేస్తుంటాడు. మొదటి నుంచీ అట్లాగే అనుకుని చేయించానని కొడుకు అందరికీ చెబుతున్నాడు. అందుకే ఇది రాశాను. నేను అక్షరాలు దిద్దుకున్నది ముసలితనంలో, మనవరాలి పలక మీద. కండెలకు దారం చుట్టినంత వేగంగా రాత రాదు, అయినా జరిగింది జరిగినట్టు పెట్టాను. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు వీళ్లు: నా మొగుడు, కొడుకు, కోడలు, హిందూపురం కార్పెట్ మనిషి, అతని బావమరిది, బాడుగకు వచ్చి సాయంత్రం దాకా కదలని ఆటో మనిషి, ఏ పనీ చేయకుండా అన్నీ చూసిన మా పెనుకొండ ఆడబిడ్డ, నేను.