అబ్రహాం పేరు మీద వచ్చిన ఫోను

కోదాడలో నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల గురుకులంలో ఉషారాణి వంట చేస్తుంది. పిల్లలు లేవకముందే వచ్చి పొయ్యి వెలిగిస్తుంది. బియ్యం కడుగుతూ చర్చిలో నేర్చుకున్న పాటలు సన్నగా పాడుకుంటుంది. ఏ పిల్ల గుడ్డు తినదో, ఏ పిల్ల ఇంటి మీద బెంగతో పళ్లెం ముందు ఊరికే కూర్చుంటుందో ఆమెకు తెలుసు. అలాంటి పిల్ల పక్కన చేరి, తనకూ ఆకలేస్తున్నట్టు అన్నం కలుపుకొని కబుర్లు మొదలుపెడుతుంది. కాసేపటికి ఆ పిల్ల పళ్లెం కూడా ఖాళీ అవుతుంది.

ఆమె భర్త అబ్రహాం మేళ్లచెరువు నుంచి సిమెంటు లారీ నడిపేవాడు. మూడేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఆయన సంగతి వస్తే ఉషారాణి ఎప్పుడూ రెండు మాటలే చెప్పేది. తన దగ్గర ఏదీ దాచడు, ఎవరేం అడిగినా కాదనలేడు. ఆ రెండో మాటే ఆమెను కష్టంలోకి లాగింది.

పోయిన ఏడు వర్షాకాలంలో ఒకరోజు ఆమె దోసకాయలు తరుగుతుంటే ఫోను మోగింది. అవతలి మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆమె పేరు, భర్త పేరు, ఉండే వీధి పేరు తప్పు లేకుండా చెప్పాడు. తాను సూర్యాపేట కోర్టులో సమన్లు అందించే ఉద్యోగినని, ఆమె పేరు మీద ఒకటి తెస్తున్నానని అన్నాడు. అబ్రహాం ఇల్లు కట్టుకుంటానని ఒక ఫైనాన్సు కంపెనీలో అప్పు తీసుకున్నాడట. చెక్కు చెల్లలేదట. ఆయన లేడు కాబట్టి భార్యే జవాబు చెప్పాలట.

"మీ స్కూలుకే వస్తున్నానమ్మా, వెంట కానిస్టేబుల్ కూడా ఉన్నాడు," అన్నాడతను. "అంతమంది పిల్లల ముందు మీకు చిన్నతనంగా ఉంటుందని ముందే చెబుతున్నాను."

ఆ తర్వాత కంపెనీ లాయరు నంబరంటూ ఒకటి ఇచ్చాడు. అక్కడికి చేస్తే ఆ లాయరు గద్దించాడు. సగమైనా ఫోనులో కడితే సమన్లు వెనక్కి పిలిపిస్తానన్నాడు. జీతం పడలేదని ఆమె బతిమాలితే రెండు రోజులు గడువిచ్చాడు. కోర్టు విషయం ఎవరికైనా చెబితే ఇంకో కేసు అవుతుందని కూడా బెదిరించాడు.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ పూట చారులో చింతపండు పడలేదు. పిల్లలు మొహమొహాలు చూసుకుంటూనే తినేశారు. కోర్టు భయం, పోలీసు భయం ఉండనే ఉన్నాయి. కానీ తనను ఎక్కువ తొలిచింది వేరే విషయమని ఉషారాణి తర్వాత నాతో అంది. తామైతే ఇల్లేమీ కట్టలేదు, ఎవరికో సాయం చేయబోయి ఆయన ఈ అప్పు చేశాడేమో. చేసి, తనకు చెప్పకుండానే పోయాడేమో. ఇన్నాళ్లూ గోడ మీద ఫోటోతో రోజూ నాలుగు మాటలు చెప్పుకునే మనిషి, ఆ సాయంత్రం అటువైపు చూడలేకపోయింది.

మర్నాడు సెలవు పెట్టి మిర్యాలగూడ బస్సెక్కింది. అక్కడ అబ్రహాం అక్క అన్నమ్మ ఉంటుంది. సర్కారు దవాఖానలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. అబ్రహాంను ఎక్కడ సమాధి చేయాలన్న దగ్గర ఇద్దరికీ మాట పట్టింపు వచ్చి, అప్పటినుంచీ రాకపోకలు పల్చబడ్డాయి. తమ్ముడి సంగతులు ఇంకెవరికీ తెలియవని ఉషారాణి అక్కడికే వెళ్లింది.

అన్నమ్మ మంచినీళ్లిచ్చి, ఆమె తాగేదాకా ఆగి, ఏమైందని అడిగింది.

"వదినా, ఆయన అప్పు చేశాడా? నీకు తెలిస్తే దాచకుండా చెప్పు," అంది ఉషారాణి.

అన్నమ్మ ఖాళీ గ్లాసు అందుకుంది. తర్వాత నెమ్మదిగా, "నీకు గూడ ఫోన్ చేసిండ్రా?" అంది.

వాళ్లు ఆమెకు వారం ముందే చేశారు. ఆమె తన పింఛను డబ్బుల్లోంచి కొంత కట్టేసింది కూడా.

"తమ్ముని పేరు కోర్టుల పడొద్దని కట్టిన," అంది అన్నమ్మ. "నీకు చెప్తే నువ్వు వాన్ని తప్పువడ్తవేమోనని చెప్పలే."

ఉషారాణికి ఏడుపు ఆగలేదు. తనతో ముభావంగా ఉంటోందనుకున్న మనిషి, తన మనసులో భర్త పేరు చెడకూడదని ఒక్కతే ఈ బరువు మోసింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, వాళ్లు ఏ అప్పని చెప్పారని అడిగింది. ట్రాక్టరు కొనడానికి తీసుకున్న అప్పని, దానికి అన్నమ్మే జామీను సంతకం పెట్టిందని చెప్పారట. నల్లగొండ కోర్టులో కేసు ఉందన్నారట.

"ట్రాక్టరా? మనకు గుంట భూమి లేదు కదా వదినా."

"సంతకం పెట్టినట్టు నాకు యాదికి లేదు. కంగారుల మర్షిపోయిన్నేమో అనుకున్న," అంది అన్నమ్మ. తన మాట తనకే వింతగా వినిపించిందేమో, నవ్వొచ్చింది. ఒకరికి ఇల్లు, ఒకరికి ట్రాక్టరు. ఒకరికి సూర్యాపేట, ఒకరికి నల్లగొండ. పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మాటలకు పొంతనే లేదు. రెండు ఇళ్లూ విడివిడిగా భయపడ్డంతసేపూ అవి నిజంలా నిలబడ్డాయి.

అయినా ఎక్కడో అనుమానం మిగిలింది. దొంగలో దొరలో కోర్టుకే పోయి అడుగుదామని, కాగితమనేది ఉంటే అక్కడే తీసుకుందామని అన్నమ్మ తేల్చేసింది. ఆ రాత్రి ఇద్దరూ ఒకే చాప మీద పడుకున్నారు.

పొద్దున సూర్యాపేట బస్సులో ఉండగా ఫోను మళ్లీ మోగింది. డబ్బు సర్దుబాటయిందా అని అడిగాడు మొదటి మనిషి. ఉషారాణి గొంతు సవరించుకుంది.

"మేమే కోర్టుకు వస్తున్నామండి. మీరు ఏ గదిలో ఉంటారో చెబితే ఆ కాగితం చేతికే తీసుకుంటాం."

అతను తడబడ్డాడు. కోర్టులో అడుగుపెడితే అక్కడే అరెస్టు చేస్తారన్నాడు. అన్నమ్మ చెయ్యి చాచి ఫోను తీసుకుంది.

"బిడ్డా, మేం ముసలోళ్లం. బస్సు దిగి కోర్టుకు ఎటు వోవాలెనో జర చెప్పు," అంది.

ఫోను కట్టయింది. కోర్టు ఉద్యోగికి కోర్టు దారి తెలియదన్నమాట అని ఉషారాణి అంటే, ముందు సీటామె కూడా వెనక్కి తిరిగి నవ్వింది.

కోర్టు ఆవరణలో పేదలకు ఉచితంగా న్యాయ సలహా చెప్పే కార్యాలయం ఉంది. అక్కడి ఉద్యోగి వాళ్ల మాటలన్నీ విని, పేర్లు కంప్యూటరులో వెతికాడు. అబ్రహాం మీద గానీ, వీళ్లిద్దరి మీద గానీ ఎక్కడా కేసు లేదు. అంతటితో ఊరుకోకుండా ఫూల్‌సింగ్‌ను పిలిపించాడు. నిజంగా సమన్లు అందించే ఉద్యోగి ఆయన. తుంగతుర్తి వైపు బయలుదేరబోతూ భుజాన సంచితో వచ్చాడు. సంచిలోంచి ఖాళీ నమూనా కాగితం ఒకటి తీసి, కేసు నంబరు ఎక్కడుంటుందో, కోర్టు ముద్ర ఎక్కడ పడుతుందో, హాజరు కావలసిన తేదీ ఎక్కడ రాస్తారో చూపించాడు.

"సమన్లంటే అరెస్టు కాదమ్మా. ఫలానా రోజు వచ్చి నీ మాట చెప్పుకోమని పిలుపు," అన్నాడు. "ఇల్లు దొరక్కపోతే మేం గూడ ఫోన్ చేస్తం. కానీ పైసల ముచ్చట మాది కాదు. పైసలు అడిగినోడు కోర్టు మనిషి కానే కాదు."

భర్త అప్పుకు, తాను సంతకం పెట్టనిదే, భార్య తన జీతంలోంచి కట్టనక్కర్లేదని, ఆయన వదిలిపోయిన ఆస్తి ఉంటే దాని మేరకే అడగగలరని ఆ కార్యాలయం ఉద్యోగి వివరించాడు. అక్కడినుంచే, ఫోను మోసాల మీద ఫిర్యాదు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేయించాడు. డబ్బు వెళ్లిన వెంటనే చేసి ఉంటే ఇంకా బాగుండేదని అన్నారు అవతలివాళ్లు. అయినా అన్నీ రాసుకున్నారు. పోలీసు స్టేషనులోనూ ఫిర్యాదు ఇచ్చారు. ఆ మనిషి మాటల రికార్డింగు, నంబర్లు, డబ్బు వెళ్లిన వివరం అన్నీ అన్నమ్మ ఫోనులో ఉండటం మంచిదైంది. కట్టినదాంట్లో కొంత ఒక బ్యాంకు ఖాతాలో ఆగి దొరికింది. కొన్ని నెలలకు అది ఆమెకు తిరిగి వచ్చింది. మిగతాది రాలేదు.

కోర్టు గేటు బయట చెరుకు రసం బండి దగ్గర ఉషారాణి కాసేపు నిలబడిపోయింది. తన డబ్బు పోలేదనే సంతోషం కాదది. ఆయన తన దగ్గర ఏమీ దాచలేదు. ఆ మాటే పైకి అంది.

"వాడు దాస్తే నాకు తెల్వదా," అంది అన్నమ్మ. "చిన్నప్పుడు బెల్లం ముక్క గూడ దాసుకోలేకపోయెటోడు."

అన్నమ్మ ఆ రోజు మిర్యాలగూడ తిరిగి వెళ్లలేదు. ఉషారాణితో కోదాడ వచ్చి వారం రోజులు ఉంది. ఇద్దరూ కలిసి అబ్రహాం సమాధి చుట్టూ గడ్డి పీకి శుభ్రం చేశారు. అదంతా అయ్యాకే ఉషారాణి నాకీ సంగతి చెప్పింది. ముందే ఎందుకు చెప్పలేదని నేను కొంచెం నొచ్చుకున్నాను. "ఎవరికీ చెప్పొద్దన్నాడు కదా మేడం. ఆ మాట దగ్గరే నాకు అనుమానం రావాల్సింది," అంది.

ఈ మధ్య ఒక ఆదివారం పిల్లల్ని చూడటానికి తల్లిదండ్రులు వచ్చారు. పాలకీడు నుంచి వచ్చిన జంగమ్మ కూతురితో మాట్లాడకుండా ఒక పక్క కూర్చుని ఫోనుకేసి చూస్తోంది. ఆమె కుటుంబం గొర్లు కాస్తుంది. ఏమైందని ఉషారాణి అడిగితే మెల్లగా చెప్పింది. గొర్ల అప్పు కింద కోర్టు సమన్లు వస్తున్నాయని ఫోను వచ్చిందట. సాయంత్రంలోగా డబ్బు కట్టాలట. ఈనే వయసున్న గొర్లను అమ్మడానికి భర్త సైదులు బేరం మాట్లాడుతున్నాడట.

వాళ్లు మాట్లాడుకుంటుండగానే జంగమ్మకు ఆ మనిషి నుంచి మళ్లీ ఫోను వచ్చింది. ఉషారాణి చీర కొంగుకు చేతులు తుడుచుకుని అందుకుంది.

"కాగితం పోస్టులో పంపండి. లేదంటే మనిషిని పంపండి, అన్నం పెట్టి మరీ తీసుకుంటాం," అంది. "డబ్బు మాత్రం ఫోనులో రాదు."

అవతలి మనిషి ఏదేదో అరిచాడు. ఆమె చివరిదాకా విని ఫోను పెట్టేసింది. సైదులుకు ఫోను కలిపి ముందు బేరం ఆపమని జంగమ్మతో చెప్పించింది. నిజంగా కేసు ఉందో లేదో కోర్టులోనే తెలుసుకోవాలని, సోమవారం తను సెలవు పెట్టుకుని వెంట వస్తానని అంది. ఆ మాట విన్నాక జంగమ్మ కూతుర్ని దగ్గరికి తీసుకుని తల నిమిరింది.

"ముందు అన్నం తిను వదినా. పొద్దుటినుంచీ ఏమీ తిన్నట్టు లేవు," అంటూ ఉషారాణి జంగమ్మకు పళ్లెం తేవడానికి లోపలికి వెళ్లింది.