దాయమ్మ సోమవారాలు

దాయమ్మ పోయిందన్న కబురు నాకు ఠాణా జవాను తెచ్చాడు. బడిలో పిల్లలతో ఎక్కాలు చెప్పిస్తున్నాను. గోడకు సైకిలు ఆనించి గుమ్మంలో నిలబడ్డాడు. "సారూ, మీ పాకిస్తానామె పోయింది. సోమారం గదా, ఏలుముద్రకు రాలే. ఏందని ఇంటికి పోయి సూస్తే పానం లేదు" అన్నాడు. వాడి తప్పేం లేదు, ఠాణాలో ఆమెను అట్లాగే పిలుస్తారు. అయినా నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పాకిస్తానామె నన్ను మా అవ్వ కడుపులోంచి బయటికి తీసిన మనిషి. ఆ జవాను కొడుకులిద్దరినీ తీసింది కూడా ఆమే.

భైంసాకు ఆరు కోసుల దూరంలో ఉన్న మా ఊళ్లో ఎవరింట కాన్పయినా పిలుపు మంత్రసాని దాయమ్మకే. పిల్లలను బళ్లో వేయాలన్నా ఆమెనే పిలిచేవాళ్లు. తండ్రులకు పుట్టినరోజులు గుర్తుండి చస్తేగా! ఆమె గడప అవతల గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని చెప్పేది. "గీ పోరడా? పత్తి ఏరుడు సగమైంది. బేస్తారం. ఇరుసు విరిగి వీళ్ల నాయిన బండి భైంసల్నే ఉండె." పెద్దసారు దాన్ని తేదీ చేసి రాసుకునేవాడు. నేను అదే బళ్లో పంతులునయ్యాక నేనూ అట్లాగే రాశాను. ఏ ఆఫీసరూ ఏనాడూ రుజువు అడగలేదు.

పోలీసు చర్య తర్వాత ఆమె అల్లుడు భార్యను తీసుకుని కరాచీ వెళ్లిపోయాడు. నాలుగేళ్లకు, బిడ్డకు నెలలు నిండుతున్నాయని ఉత్తరం వచ్చింది. "ఊరందరికి జేసి నా బిడ్డకు జెయ్యకపోతే ఎట్ల?" అని పర్మిట్ చీటీ పట్టుకుని బొంబాయిలో ఓడెక్కింది. కాన్పయింది. నలభయ్యో రోజు నీళ్లు పోసేదాకా బాలింతను విడిచి దాయి కదలకూడదు. పరాయి ఇళ్లల్లోనే తప్పని మనిషి కన్నబిడ్డ దగ్గర తప్పుతుందా? సరిగ్గా ఆ నలభై రోజుల్లోనే రూలు మారింది. చీటీ చెల్లదు, పాస్‌పోర్టు కావాలన్నారు. అల్లుడు అక్కడి ఆఫీసులో ఆమెతో వేలిముద్ర వేయించి, అక్కడి పాస్‌పోర్టే తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇంటికి పోయే కాయితం గదొక్కటే దొరికింది బిడ్డా. నేను టికెట్టనుకున్న" అనేది.

దాని మీదనే ఊరికి తిరిగొచ్చింది. మూడు నెలల వీసా అయిపోగానే, పుట్టిన ఊళ్లోనే ఆమె దొంగచాటుగా ఉంటున్న పరదేశి అయింది. సోమవారం సోమవారం ఠాణాలో వేలిముద్ర వేయాలి. అనుమతి లేకుండా ఊరి పొలిమేర దాటకూడదు. ఆమె కోరిందల్లా ఒక్కటే. "మా ఆయన గోరి పక్కన ఇంత జాగ. గంతే. గదానికి సర్కారుకేం కష్టం, పంతులూ?"

ఆమె అర్జీలు నేనే రాసేవాణ్ని. జాతీయత అన్న గడిలో పాకిస్తాన్ అని రాయకపోతే అర్జీ తిరిగొచ్చేది. "ఏం రాస్తివి?" అని ప్రతిసారీ అడిగేది. "మన ఊరి పేరే రాసిన దాయమ్మా" అనేవాణ్ని. చదువు రాని మనిషికి అన్నేళ్లు అబద్ధం చెప్పాను.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు అన్నం సహించదు. నా భార్య తొలికాన్పుకు పొలిమేర వాగవతల పుట్టింటికి వెళ్లింది. బిడ్డ అడ్డం తిరిగిందని కబురొచ్చింది. అనుమతి ఇవ్వాల్సిన ఇన్‌స్పెక్టరు క్యాంపులో ఉన్నాడు. దాయమ్మ గడప ముందు నిలబడి కబురు చెప్పాను గానీ రమ్మని అడగలేదు. ఆమే లేచింది. "నడువ్, నడువ్. పిల్ల పర్మిషన్ అడిగి పుడతదా?"

అది సోమవారం. పొద్దున ఠాణాలో అంటిన ఇంకు ఎంత కడిగినా వేలికి మిగిలే ఉంది. నా కూతురు నుదుటి మీద నీలం మరక పడింది. "దిష్టిచుక్క పెట్టిన, పో" అని నవ్వింది.

ఎవడో పితూరీ చేశాడు. షరతు మీరిందని ఫైలులో రాశారు. దాని మీదనే పౌరసత్వం అర్జీ కొట్టేశారు. నా బిడ్డ ప్రాణానికి ఆమె ఇచ్చుకున్నది అది. ఆ మాట ఆమె ఒక్కనాడు కూడా నా దగ్గర ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

మళ్లీ ఊరంతా సంతకాలు పెట్టాం. "ఈమె ఇక్కడ పుట్టినట్టు రుజువేది?" అని అడిగారు. మా అందరి పుట్టుకకూ ఆమె ఒక్క మాట చాలింది. ఆమె పుట్టుకకు మా అందరి మాటా చాలలేదు. అర్జీ పెట్టాలంటే ముందు సక్రమంగా ఉండాలట. సక్రమంగా ఉండాలంటే అర్జీ మంజూరు కావాలట. రూళ్లు వద్దని నేను అనను. దేశమన్నాక తలుపూ ఉండాలి, గొళ్లెమూ ఉండాలి. కానీ తట్టినప్పుడు లోపలి నుంచి ఎవరో ఒకరు పలకాలి గదా! మా గోడు విని, ఔననో కాదనో చెప్పే మనిషి ఒక్కడు పద్నాలుగేళ్లలో మాకు ఎదురుపడలేదు. కాగితానికి కాగితమే జవాబు చెప్పింది.

పోయిన నెల, ముప్పై రోజుల్లో దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. చదివి చెప్పమంటే, "గడువు పెంచిండ్రు" అన్నాను. నా ముఖంలోకి చూసి, ఆ కాగితాన్ని కొంగున ముడేసుకుంది. ఇరవై రెండో రోజున పోయింది.

భర్త గోరి పక్కనే పెట్టాం. స్నానం చేయించిన ఆడవాళ్లు, ఎంత రుద్దినా బొటనవేలి నీలం పోలేదన్నారు. ఆ సాయంత్రమే జవాను ఆఖరి ఫారం తెచ్చాడు. "ఎక్కడికి వెళ్లినది" అన్న గడి ఉంది అందులో. ఈసారి అబద్ధం రాయలేదు. "ఎక్కడికీ వెళ్లలేదు. ఇక్కడే ఉంది" అని రాశాను.

జవాను చదివి తల గోక్కున్నాడు. "గిట్ల రాస్తే ఫైలు మూయరు సారూ."

"మూయకపోతే తెరిచే ఉండనీ" అన్నాను.

నిజంగానే మూయలేదు. నిన్న ఆమె ఇంటి ముందు నుంచి వస్తుంటే, వేసి ఉన్న తలుపు గొళ్లేనికి కొత్త నోటీసు గుచ్చి ఉంది. గడువు దాటిపోయిందట. వచ్చే సోమవారం తప్పక హాజరు కావాలట.