నిద్రించినవారి ఫోల్డర్

మా ఇంట్లో ఎవరైనా దయ్యాల ముచ్చట ఎత్తితే మొదట నవ్వేది నేనే. కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. కంప్యూటర్‌కు సొంత బుద్ధి ఉండదని, మనం చెప్పిందే చేస్తుందని, తప్పు జరిగితే అది మన చేతి తప్పేనని పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. ఇప్పటికీ అదే చెబుతున్నాను. కాకపోతే మునుపటంత ధీమాగా చెప్పలేకపోతున్నాను.

ఇది చదివి నేను భ్రమపడ్డానని మీరు అనుకుంటే నాకు కోపం రాదు. భ్రమే అయితే బాగుండునని నాకూ ఉంది.

మాది మెథడిస్టు కుటుంబం. మా సంఘంలో సగం ఇళ్లలో ఎవరో ఒకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. మా ఆయన కూడా మస్కట్‌లోనే పనిచేస్తాడు. ఒంట్లో బాగాలేకపోయినా, ఇంటి దగ్గర ఏదైనా కష్టం వచ్చినా వాళ్లు చర్చికి మెయిల్ రాసేవారు. ఆదివారం ఆరాధనలో వాటిని చదివి అందరూ ప్రార్థన చేసేవారు. ఇప్పుడంతా వాట్సాప్ అయిందిగాని, పదేళ్లు పదిహేనేళ్ల కిందట మెయిలే దిక్కు.

ఆ మెయిళ్లన్నీ చూసుకున్నది సుగుణ టీచర్. బడిలో రిటైరయ్యాక చర్చి ఆఫీసు పని నెత్తికెత్తుకుంది. ఆవిడ పద్ధతి ఆవిడకుండేది. కొత్తగా వచ్చిన ఉత్తరం ‘విన్నపాలు’ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. కష్టం తీరిందని కబురు వస్తే దాన్ని ‘స్తోత్రం’ ఫోల్డర్‌లోకి మారుస్తుంది. మనిషి దక్కకపోతే ‘నిద్రించినవారు’ అనే ఫోల్డర్‌లోకి. మేము చనిపోయారని అనం, ప్రభువులో నిద్రించారంటాం. అదీ సమాధి కార్యక్రమం అయిపోయాకే మార్చేది, ఒక్కరోజు కూడా ముందు కాదు.

రెండేళ్ల కిందట టీచర్ ఉన్నట్టుండి ఆ పని మానేసింది. కళ్లు కనిపించడం లేదని చెప్పి తాళాలు పాస్టర్ గారి చేతిలో పెట్టింది.

పోయిన నవంబర్‌లో చర్చికి కొత్త కంప్యూటర్ కొన్నారు. వార్షికోత్సవానికి ప్రార్థనతో మేలు పొందినవాళ్ల సాక్ష్యాల పుస్తకం వేయాలని, పాత మెయిళ్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించమని పాస్టర్ గారు నాకు అప్పజెప్పారు. చిన్న పనే. పాత కంప్యూటర్లోని మెయిల్ ఫోల్డర్లను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని కొత్తదాంట్లో దించాలి, అంతే.

ఒక శనివారం మధ్యాహ్నం భోజనం చేసి వెళ్లాను. నాది కొంచెం చాదస్తం. పని మొదలుపెట్టక ముందే ఒక్కో ఫోల్డర్‌లో ఏయే ఉత్తరాలున్నాయో జాబితాలు ప్రింట్ తీసుకున్నాను. ‘స్తోత్రం’లో మూడు వందల పన్నెండు, ‘నిద్రించినవారు’లో ఎనభై ఏడు. సాయంత్రం నాలుగున్నరకల్లా అన్నీ ఎక్కాయి. లెక్క సరిచూస్తే మొత్తం సరిపోయింది గాని, ‘స్తోత్రం’లో ఒకటి తగ్గింది, ‘నిద్రించినవారు’లో ఒకటి పెరిగింది.

పెరిగిన ఉత్తరం ఏదా అని వెతికాను. అది నేను రాసిందే.

మా తమ్ముడు దయాకర్ డిగ్రీ చదివే రోజుల్లో కామెర్లు ముదిరి హైదరాబాద్ ఆసుపత్రిలో పందొమ్మిది రోజులు ఉన్నాడు. డాక్టర్లు చేతులెత్తేసిన రోజు, ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఏడ్చుకుంటూ చర్చికి మెయిల్ రాశాను. తమ్ముడు బతికాడు. ఇప్పుడు బోథ్ దగ్గర భార్య సునీత వాళ్ల ఊళ్లో పత్తి, సోయా వేస్తాడు. కన్నవాళ్లు, మా అవ్వ, బాపు పోయాక నాకు మిగిలిన పుట్టిల్లు వాడే.

ఆ ఉత్తరం ఆ ఫోల్డర్‌లో కనిపించేసరికి ఒళ్లు జల్లుమంది. ఆ వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను. మౌస్ జారి ఉంటుంది. దాన్ని తిరిగి ‘స్తోత్రం’లో పెట్టి, లెక్క మళ్లీ చూసుకుని, ఆఫీసుకు తాళం వేసి ఇంటికొచ్చాను.

మర్నాడు ఆరాధన అయ్యాక పాస్టర్ గారికి చూపిద్దామని కంప్యూటర్ తెరిచాను. ఉత్తరం మళ్లీ ‘నిద్రించినవారు’లో ఉంది.

పాస్టర్ గారు పక్కనే ఉన్నారు కాబట్టి నోరెత్తలేదు. ఆయన వెళ్లాక పాత కంప్యూటర్ తీశాను. దాని కరెంటు వైరు ముందురోజే పీకి కొత్తదానికి పెట్టాను. అదే వైరు మళ్లీ మార్చి ఆన్ చేశాను. అందులోనూ ఉత్తరం ‘నిద్రించినవారు’లోనే ఉంది. ప్రింట్ తీసిన కాగితం పక్కన పెట్టుకుని చూశాను. శనివారం మధ్యాహ్నం అది ‘స్తోత్రం’లో ఉన్నట్టు కాగితం మీద నల్లగా కనిపిస్తోంది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అక్కడే నిలబడి తమ్ముడికి ఫోన్ చేశాను.

“మంచిగనే ఉన్నవారా?”

“నాకేమైందక్కా? చేన్ల పత్తి ఏరిపిస్తున్న. ఏందో చెప్పు.”

“రేపు పొద్దుగాల బస్సెక్కి కరీంనగర్ రా. డాక్టర్‌కు చూపెట్టుకుందాం.”

“కూలోళ్లు దొరుకుడే కష్టంగుంది. గిప్పుడు ఎట్లొస్తనే?”

“నువ్వు రాకుంటే నేనే అస్త.”

మూడోరోజు వచ్చాడు, మొహం మాడ్చుకుని. రక్తం, గుండె, కాలేయం, ఒకటి వదలకుండా అన్నీ చూపించాను. డాక్టర్ రిపోర్టులు తిరగేసి, మీకంటే మీ తమ్ముడే గట్టిగా ఉన్నాడమ్మా అని నవ్వాడు. అసలు కారణం తమ్ముడికి చెప్పలేదు. ఏమని చెప్పను? నీ పేరున్న ఉత్తరం చచ్చిపోయినవాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటోందని చెప్పనా?

వాడు వెళ్లాక కూడా నాకు నిలకడ లేదు. రోజూ పొద్దున్నే ఫోన్. బండి మీద వెళ్లొద్దు, చేనుకు మందు కొట్టేటప్పుడు మొహానికి గుడ్డ కట్టుకో, మోటార్ దగ్గరికి తడిచేతులతో పోకు. ఒకరోజు సునీత ఫోన్ ఎత్తింది. “వదినా, నువ్వు గిట్ల చేస్తే నాకు భయమైతుంది. ఆయనకేమన్న ఉంటే నాకు చెప్పు, దాచకు” అని ఏడ్చింది. నాకు సిగ్గేసింది. అయినా ఫోన్లు మానలేదు.

ఈలోగా ఆ ఉత్తరాన్ని ఇంకో రెండుసార్లు ‘స్తోత్రం’లో పెట్టి చూశాను. ఒకసారైతే కొత్త కంప్యూటర్‌ను నెట్ నుంచి కూడా తీసేశాను. తెల్లారి వెళ్లేసరికి రెండుసార్లూ అది వెనక్కి వెళ్లిపోయింది. మిగతా ఉత్తరాల్లో ఒక్కటీ కదల్లేదు. తీసేద్దామని డిలీట్ మీద వేలు పెట్టాను గాని నొక్కలేకపోయాను. తమ్ముడికి ఏమైనా అయితే నా చేతులతో నేనే చేసినట్టవుతుందనిపించింది.

చివరికి సుగుణ టీచర్ దగ్గరికి వెళ్లాను. చర్చి వెనక గల్లీలోనే ఇల్లు. పొద్దున పదిన్నర. ఆవిడ వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కళ్లద్దాలు కూడా లేవు. అది చూసి గేటు దగ్గరే ఆగిపోయాను.

ఆవిడ నా చూపు గమనించి చాట పక్కన పెట్టింది.

“ఉత్తరం గురించే వచ్చినవా బిడ్డా?”

నేను చెప్పకముందే అడిగింది. జరిగిందంతా చెప్పాను.

“నా కండ్లు మంచిగనే ఉన్నయి” అంది చివరికి. “గవి చూడలేకనే తాళాలిచ్చిన. పొద్దుగాల పోయి చూస్తే ఉత్తరం గందులకు పోయి ఉండేది. తీసి మల్ల పెట్టేది. తెల్లారి మల్ల గంతే. నలుగురివి పోయినయి బిడ్డా, నలుగురూ దక్కలే.”

అరుగు మీద కూలబడి, “మరి మా దయాకర్‌కు ఏం జేయాలె టీచర్?” అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆవిడ నా చేయి పట్టుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

“మందమర్రి రూతమ్మ యాదికున్నదా? పెనిమిటికి ఊపిరితిత్తులు ఖరాబైనయని రాసింది. ఆయనకు నయమైంది. ఆ తర్వాత ఎన్నేండ్లకో గా ఉత్తరం కదిలింది. నేనూ నీ లెక్కనే ఆయన గురించి పరేషాన్ అయిన. ఆయన ఇయ్యాలటికీ తిరుగుతున్నడు. పోయింది రూతమ్మ. దుబాయిల యాకోబు వాళ్లవ్వ కండ్ల ఆపరేషన్ కోసం రాసిండు. ముసలమ్మ ఉన్నది, యాకోబే పోయిండు. తతిమ్మా ఇద్దరిదీ గంతే.”

“అంటే?”

“ఎవరి కోసం రాసిండ్రో వాళ్లు కాదు బిడ్డా. రాసినోళ్లు.”

ఎన్ని రోజులకని అడిగాను. ఒక్కొక్కరికి ఒక్కో తీరని, రూతమ్మకు నెల కూడా పట్టలేదని, యాకోబుకు రెండేళ్లు పట్టిందని చెప్పింది.

ఇప్పుడు రాయబోయేది అందరికన్నా ముందు నాకే వింతగా ఉంది. గల్లీలోంచి రోడ్డు మీదికి వచ్చినా నాకు భయమేయలేదు. హమ్మయ్య, తమ్ముడు కాదు, అనుకున్నాను. గుండె మీది బండ దించినట్టయింది. చెప్పుల షాపు ముందు నిలబడి వాడికి ఫోన్ చేసి, ఇక నిన్ను సతాయించనురా, బండి మీద ఎక్కడికి పోవాలో పో అన్నాను. వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఫోన్ సంచిలో పెట్టాక గాని, రాసింది నేనేనన్నది బుర్రకెక్కలేదు.

అది జరిగి ఏడు నెలలవుతోంది. నేనూ పరీక్షలన్నీ చేయించుకున్నాను. ఏ లోపమూ లేదన్నారు. చర్చి ఆఫీసు తాళం తిరిగి ఇచ్చేశాను. ఆ ఉత్తరం ఇప్పుడు ఎక్కడుందో నేను చూడలేదు, ఎవరినీ చూడమని అడగలేదు. ఆ ఫైళ్లు ఎట్లా కదిలాయో నాకు తెలిసిన కంప్యూటర్ చదువంతా పెట్టి ఆలోచించాను. ఒక్క కారణం దొరకలేదు. సుగుణ టీచర్ చెప్పింది నిజమో, ముసలితనంలో నాలుగు చావులను కలిపి అల్లుకున్నదో కూడా తేల్చుకోలేకపోయాను.

మా ఆయనకు ఏమీ చెప్పలేదు. ఇంటర్ చదివే మా అమ్మాయిని మాత్రం ఆదివారాలు కూర్చోబెట్టుకుని ఇంటి కాగితాలు ఎక్కడుంటాయో, గ్యాస్ ఎట్లా బుక్ చేయాలో, నాన్నకు రోజూ ఏ టైముకు ఫోన్ చేస్తే దొరుకుతాడో చూపిస్తున్నాను. పోయిన వారం పప్పులో పోపు పెట్టడం నేర్పాను.

“నువ్వున్నవ్ కదా మమ్మీ, నాకెందుకు గివన్నీ?” అంది.

నేర్చుకో, పనికొస్తుంది అన్నాను. గరిటె దాని చేతికిచ్చి, పొయ్యి ముందు నుంచి పక్కకు జరిగాను.