మబ్బు చూస్తే కడుపు నొప్పి

విజేందర్ సారుకు ఉరుముల మబ్బు చూస్తే కడుపు నొస్తుంది. నేల మీద ఏ బాధా ఉండదు. క్యాంటీన్‌లో మిర్చి బజ్జీల పళ్లెం ఖాళీ చేసిగాని లేవడు. శిష్యులతో చిన్న విమానంలో వెళ్లి, మబ్బు అడ్డమొచ్చి తిరిగొచ్చాడా, దిగుతూనే పొట్ట పట్టుకుంటాడు. నాగార్జునసాగర్ దగ్గర విమానం నడపడం నేర్పే ఆ బడిలో అందరికీ ఆయన కడుపునొప్పి సారే.

ఇల్లాలు కోమల ఎప్పుడో ఒక వాము మూట కట్టి ఆయన జేబులో వేసింది. బడి పెద్ద ప్రేమ్‌సాగర్‌కు మాత్రం ఒళ్లు మండేది.

"జర దవాఖానల చూపిచ్చుకోరాదు, విజేందర్?"

"చూపిచ్చుకున్న సార్. మబ్బులకు దూరముండుమన్నరు."

కొల్లాపూర్ బీరన్న సగం గొర్రెల మందను అమ్మి కూతురు స్నేహలతను ఆ బడిలో చేర్పించాడు. బయట ఏమీ కనబడకపోయినా మీటర్లు చూసి విమానం నడపడం ఆమె నేర్చుకుంటోంది. ఒకసారి ఒంటరిగా వెళ్లి, భయపడి దారిలోంచి వెనక్కి వచ్చింది. "ఇంకోపారి భయపడి మళ్లినవంటే ఈ ఏడు పరీక్షకు పంప," అని ప్రేమ్‌సాగర్ తేల్చేశాడు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం సారును పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరింది. కాసేపటికి చుట్టూ తెల్లటి మబ్బు. రెక్క కొస కూడా కనబడలేదు. ముందర ఉరుముల మబ్బులున్నాయని రేడియోలో చెప్పారు. ఎదుట మబ్బులను చూపే తెర మీద రెండు ఎర్రటి మచ్చలు, నడుమ సన్నటి సందు.

"సందున్నది సార్. పోదామా?"

"గా బొమ్మ ఇప్పటిదేనా?"

"కాదు సార్. జరసేపటి కిందటిది."

"మరి సందు ఇంక ఉన్నదో లేదో ఎట్ల ఎరుక?"

స్నేహలత తెర మీది సందును మరోసారి చూసింది. తెల్ల మబ్బులో దాక్కున్న ఉరుముల మబ్బు కంటికి ఆనదు. అందులో పడితే చిన్న విమానం ముక్కలు కావచ్చు. వెనక్కి తిరిగితే పరీక్ష పోతుంది, నాయిన అమ్మిన గొర్రెలన్నీ వృథా.

"భయమైతాంది సార్. నేను తిప్పుత."

"తిప్పు," అన్నాడు సారు, నిమ్మళంగా.

దిగేసరికి ప్రేమ్‌సాగర్ ఎదురుగా ఉన్నాడు. "ఎవరు తిప్పుమన్నరు?"

ఆమె నోరు విప్పేలోపే సారు పొట్ట పట్టుకుని వంగిపోయాడు. "నేనే సార్. పాణం పోయినంత పనైంది."

ప్రేమ్‌సాగర్ తల కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. సారు చక్కగా నిలబడి వాము మూట ఆమె చేతిలో పెట్టాడు. "నీకింక భయం పోలే. జర నోట్లేసుకో."

మూట ముడి ఊడలేదు. పళ్లతో లాగినా రాలేదు. కట్టిన నాటినుంచి దాన్ని ఎవరూ విప్పలేదు.

"అంటే ఇన్నేండ్లు మీకు నొప్పే లేదా సార్?"

"ఒక్కొక్క దినం ఒక్కొక్కరికి భయమైతది బిడ్డా. తిడుతరని తెలిస్తే ఎవ్వరూ వెనుకకు మళ్లరు. నొప్పి నాకొక్కనికే ఉంటే సాలదా?"

స్నేహలతకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పొంగింది. ఆ ఏడే పరీక్ష గట్టెక్కి, తర్వాత అదే బడిలో పాఠాలు చెప్పడానికి చేరింది. మొన్న వానల్లో ఆమె శిష్యురాలు శైలజ మబ్బు చూసి హడలిపోయి విమానం తిప్పేసింది. ప్రేమ్‌సాగర్ రానే వచ్చాడు. స్నేహలత వెంటనే పొట్ట పట్టుకుంది.

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "నీకు గూడనా? రేపటిసంది క్యాంటీన్ల బజ్జీలు బందు."

దూరంగా పళ్లెం పట్టుకున్న విజేందర్ సారుకు, మొదటిసారి, నిజంగానే కడుపులో దేవినట్టయింది.