పెళ్లివిందు సీనులో బూరెలు

తొంభైల తొలి ఏళ్లలో బంజారా హిల్స్‌లోని ఒక గుండె ఆస్పత్రిలో డైటీషియన్‌గా చేరాను. డాక్టరు మందులు రాస్తే, రోగి ఏం తినాలో రాసిచ్చే పని మాది. ఆ వేసవిలో నా దగ్గరికి పంపిన సుందరరామయ్యగారు సినిమా నటుడు. ఊరు తెనాలి వైపు, ఇల్లు జూబ్లీ హిల్స్. పెళ్లిపెద్ద వేషమంటే ఆయన్నే పిలిచేవారు.

యాంజియోగ్రాం తీస్తే గుండె రక్తనాళాల గోడల్లో సున్నం పేరుకున్నట్టు కనిపించింది. కొన్నాళ్లు మందులూ పథ్యమూ చూద్దాం, పరిస్థితి మారకపోతే ఆపరేషనే అన్నారు పెద్ద డాక్టరు. ఆపరేషనంటే ఇన్నేళ్లకు దొరికిన పెద్ద వేషం చేజారినట్టే.

సున్నం అన్న మాట వినగానే ఆయన సొంత వైద్యం మొదలుపెట్టారు. పెరుగు, రాగిజావ, తోటకూర మానేశారు. తిన్న కాల్షియమే నేరుగా వెళ్లి నాళాల్లో కూర్చుంటుందని ఆయన లెక్క. అలా కాదని చెప్పాను. ముందు కొవ్వు చేరి గోడ పాడవుతుంది, సున్నం ఆ తర్వాతి సంగతి. అందుకని నెయ్యి, వేపుళ్లు తగ్గించి, ఆయన వాడే మందులు చూసుకుని ఆకుకూరలు, పప్పులు, చేప, కాసిని నువ్వులు రాశాను. గుండెకు మేలు చేసే మెగ్నీషియం లాంటివి వీటిలో దొరుకుతాయి. పేరుకున్నదాన్ని ఏ ఆకూ కరిగించదనీ, పెరగకుండా సాయపడితే అదే పదివేలనీ కూడా చెప్పాను.

తర్వాతి రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ పెరిగింది. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో గీత దాటలేదని ఒట్టు పెట్టారాయన. మరి షూటింగులో, అని అడిగాను.

"అక్కడ నేను తినడం లేదండీ, పాత్ర తింటోంది" అన్నారు.

అప్పుడు బయటపడింది అసలు విషయం. ఫిలింనగర్‌లో పెళ్లివిందు సీను తీస్తున్నారు. కట్ చెప్పగానే మిగతా నటులు నోట్లోది ఉమ్మేస్తారు. విస్తట్లో వడ్డించింది ఉమ్మడం ఈయన ఇంటా వంటా లేదు. టేకు టేకుకూ ఓ నేతిబూరె లోపలికి వెళ్లిపోతోంది.

మర్నాడే సెట్టుకు వెళ్లాను. ముందు షాట్లలో విస్తట్లో బూరె కనిపించింది కాబట్టి ఇప్పుడూ ఉండాల్సిందే అన్నారు డైరెక్టరు. దాన్ని వాళ్లు కంటిన్యుటీ అంటారు. బూరెలా కనిపిస్తే చాలు కదా, కెమెరాకు రుచేం తెలుసు అన్నాను. ఆయన సరేననగానే, నెయ్యి లేకుండా ఆవిరి మీద ఉడికించమని వంటవాళ్లకు చెప్పాను.

షేక్‌పేట నుంచి వచ్చే వంటమనిషి మల్లయ్య, "ఆవిరి మీద బూరెలేందమ్మా, గిట్ల ఎవలన్న చేస్తరా?" అంటూనే పెసరపిండిలో తోటకూర కలిపి ఉండలు ఉడికించి, పైన పసుపు పులిమాడు.

ఆ సీనులో సుందరరామయ్యగారు విందుకు వంకపెట్టే మగపెళ్లివారి పెద్ద. నేతిబూరె కొరికినప్పుడల్లా మొహం వెలిగిపోతుండటంతో అన్ని రీటేకులయ్యాయి. ఈసారి కొరికారు. ఆ మొహం చూసి తీరాలి. ఒక్క టేకులో ఓకే అయింది. సెట్టంతా చప్పట్లు కొట్టింది, అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

పెద్ద డాక్టరు ఇచ్చిన గడువు నాటికి కొలెస్ట్రాల్ దిగింది. సున్నం ఉన్నచోటే ఉంది. ఆపరేషన్ వాయిదా పడింది, వేషం పూర్తయింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏం తింటారని అడిగేముందు ఏం పని చేస్తారని అడిగాను. మిఠాయి వండేవాళ్లూ, పెళ్లిళ్ల పేరయ్యలూ పనిలో తిన్నదాన్ని తిండిగా లెక్కేయరు. రక్తం మాత్రం లెక్కేస్తుంది.