కాజా పిన్ని చదివిన ఏడుగురి కథ

ఆ కుట్టు హాలులో తయారయ్యే చొక్కాలన్నింటికీ కాజాలు కుట్టేది ఒక్క మనిషే. బట్టకి కన్నం పెట్టి, చుట్టూ దారం బిగించి, బొత్తానికి దారి చేసే పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. అందుకే అందరికీ ఆవిడ కాజా పిన్ని. కళ్ళజోడుకి ఒక కాడ ఊడిపోతే గుడ్డపీలిక కట్టి చెవికి తగిలించుకుంది. అది కూడా బాగానే ఉందంటుంది.

పిన్నికి ఒక జబ్బుంది. ఏం చూసినా మంచే కనిపిస్తుంది. బస్సు తోక చూపించి పోతుంటే "అదిగో, వచ్చేస్తోంది" అంటుంది. సూది విరిగితే "పాపం, రిటైరైంది" అంటుంది. సూపర్‌వైజరు కేకలేస్తే "ఇవాళ గొంతు బాగుంది, జలుబు తగ్గినట్టుంది" అంటుంది. ఆ సూపర్‌వైజరుకి హాలు పెట్టిన పేరు గడియారం. మనిషి ముఖం చూసి మాట్లాడడు, గోడ మీది గడియారం ముఖం చూసే మాట్లాడతాడు.

పిన్ని వెనకాలే, వీపుకి వీపు తగిలేంత దగ్గరలో, కాలర్ అక్క మిషను. కాలర్లు కుడుతుంది, మాటలు కూడా కాలర్ పట్టుకున్నట్టే ఉంటాయి. పిన్నికి సొంత చెల్లెలు. ఇద్దరి మధ్యా తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళమ్మకి జబ్బు చేసింది. అప్పుడు చెల్లెలు వేరే ఊళ్ళో పనిచేసేది. రోజూ ఫోన్ చేసేది. పిన్ని రోజూ "తగ్గుతోందే, లేచి కూర్చుంది, నువ్వేం పరిగెత్తుకు రానక్కర్లేదు" అని చెప్పేది. నాలుగో రోజు అమ్మ పోయింది. చెల్లెలు వచ్చేసరికి ఇల్లు కడిగేశారు కూడా. "తెలిసీ అబద్ధం చెప్పింది" అని గుమ్మంలోనే నిలబడి నలుగురికీ వినపడేలా అని, అటునుంచి అటే వెళ్ళిపోయింది. ఆ తర్వాత తిరిగి తిరిగి ఇదే హాలులో పని దొరికింది, అదీ ఈ మిషను మీదే. రాత అంటే అంతే మరి.

మాట్లాడుకోకుండా పని జరగదు కాబట్టి మధ్యలో బొత్తాలు కుట్టే అమ్మాయి ఉంది. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసీ మోసీ ఆ పిల్లకి పోస్టు అని పేరొచ్చింది.

"పోస్టూ, ఆవిడ కత్తెర నా దారాల మీద పెట్టింది. తియ్యమను."

"పిన్నీ, కత్తెర తియ్యాలట."

"అది నా కత్తెర కాదని చెప్పు."

"అక్కా, ఆవిడది కాదట."

"మరి నడిచొచ్చిందా అని అడుగు."

ఇదంతా జానెడు దూరంలో, ఒకరి ఊపిరి ఒకరికి వినపడుతుండగా.

రెండేళ్ళ కిందట జపాన్ నుంచి కొత్త మిషను వచ్చింది. చెక్కపెట్టెలో మిషను కదలకుండా చుట్టూ పాత కాగితాలు కుక్కారు. వాటి మధ్య అట్టలు ఊడిపోయిన లావాటి పుస్తకం ఒకటి దొరికింది. నిండా బొమ్మలే. అక్షరాలు మాత్రం విరిగిన సూదులు గుట్ట పోసినట్టున్నాయి. పిన్ని దాన్ని కొంగుతో తుడిచింది, మనం ఏ పుస్తకమైనా తెరిచినట్టే తెరిచింది, భోజనాల వేళ కథ చెప్పడం మొదలుపెట్టింది. రోజుకి ఒక్క పేజీ.

మొదటి పేజీలో పొడవాటి బల్ల దగ్గర ఒక్క ఆడపిల్ల కూర్చుని ఉంది. బల్ల చుట్టూ ఖాళీ కుర్చీలు. తర్వాత రైలు స్టేషన్లో ఆ పిల్లా ఒక తమ్ముడూ కౌగిలించుకుని ఏడుస్తున్నారు.

"వచ్చేశాడు! సంతోషం పట్టలేకపోతున్నారు" అంది పిన్ని.

అప్పటి నుంచి ఒక్కొక్కరే వచ్చారు. ఇద్దరు తమ్ముళ్ళు, బామ్మ, మావయ్య, నాన్న. వచ్చినప్పుడల్లా బల్ల దగ్గర ఒక కుర్చీ నిండేది. ఒకరోజు పెరట్లో గొయ్యి తవ్వే బొమ్మ వచ్చింది. పక్కనే కాలికి కట్టుతో కుక్క.

"గోతిలో పడిపోయింది పాపం, తవ్వి తీశారు."

వెనక నుంచి కాలర్ అక్క గొంతు వినిపించింది. "పోస్టూ, గోతిలోకి వెళ్ళి ఎవరు కట్టు కట్టారో అడుగు."

"లోపల ఆసుపత్రి ఉంది, తనకెందుకో కనుక్కో" అంది పిన్ని.

పేజీల అంకెలు తగ్గుతూ వస్తున్నాయేమిటని పోస్టు అడిగింది. "ఇంకా ఎన్ని మిగిలాయో ముందే చెబుతున్నారు, మర్యాదస్తులు" అంది పిన్ని. హాలు ఒప్పేసుకుంది.

కాలర్ అక్క వినడం లేదన్నట్టే వినేది. కానీ ఆవిడ స్టూలు మాత్రం నెలకో గోరంత ఇటు జరిగేది. రెండేళ్ళలో ఎంత జరిగిందంటే, ఓ మధ్యాహ్నం ఇద్దరి భోజనం డబ్బాలూ ఒకదానికొకటి తగిలాయి. ఇద్దరూ తియ్యలేదు.

ఆఖరి పేజీలకి వచ్చేసరికి ఆరుగురు చేరారు, ఒక్క కుర్చీ ఖాళీ. చెల్లెలిది. తర్వాతి బొమ్మలో ఆ చెల్లెలు తలుపు పట్టుకుని, నోరంతా తెరిచి అరుస్తోంది.

"ఏమని అరుస్తోంది?" అంది పోస్టు.

"ఆకలేస్తోంది, వడ్డించవే అక్కా అని" అంది పిన్ని. చివరి బొమ్మలో ఏడుగురూ బల్ల చుట్టూ పకపకా నవ్వుతున్నారు, కింద కుక్క నాలుగు కాళ్ళ మీదా నిలబడి ఉంది.

హాలంతా చప్పట్లు కొట్టింది. చప్పట్లు ఆగాక కాలర్ అక్క సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా అంది: "పోస్టూ, ఆవిడతో చెప్పు. ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఇంటికి వస్తానని."

పోస్టు ఆ మాటని నాలుగుసార్లు మోసింది. పిన్ని ఆ పూట కుట్టిన కాజాలు అన్నీ వంకరే. గడియారం వాటిని కూడా లెక్కలో రాసేసుకున్నాడు.

ఇంతవరకు బాగానే ఉంది. సోమవారం పోస్టు ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"పిన్నీ! నీ కథ సీరియల్‌గా తీశారు! జపాన్ బొమ్మల సీరియల్, అనిమే అంటారు. మన మాటల్లో కూడా పెట్టారు!"

చూస్తే అదే బల్ల, అదే కుక్క. పన్నెండు భాగాలు. దారం కండెకి ఫోను ఆనించి, హాలు హాలంతా దాని మీద వంగింది. మొదటి భాగం మొదలవుతూనే ఏడుగురూ బల్ల చుట్టూ నవ్వుతున్నారు.

"అయ్యో, ముగింపు ముందే చూపించేశారు!" అన్నారు ఎవరో.

"ఫ్యాషన్" అంది పిన్ని. "రేపట్నుంచి వెనక్కి వెళ్ళి చెబుతారు."

మంగళవారం చెల్లెలు అక్క మీద నోరంతా తెరిచి అరిచి, తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయింది. హాలులో ఒక్కరికీ ముద్ద దిగలేదు. బుధవారం నాన్న రైలెక్కాడు. గురువారం కుక్కని బండి గుద్దింది. పెరట్లో తవ్వారు, పెట్టారు, పూడ్చేశారు. పోస్టు వెక్కివెక్కి ఏడ్చింది. ఆగలేక ఆఖరి భాగం చివర కూడా చూసేసి, తెల్లగా పాలిపోయిన ముఖంతో తలెత్తింది.

"పిన్నీ, ఒక్కతే మిగిలింది. ఇంకెవరూ రారు. అయిపోయింది."

పిన్నికి అంత కోపం రావడం ఎవరూ చూడలేదు. "బంగారంలాంటి కథని పాడుచేశారు! తీసినవాళ్ళు పుస్తకం తెరిచి చూశారా అసలు? రాయవే, కింద రాయి. అయ్యా, మీ సీరియల్ పుస్తకం కాలి గోటికి సరిపోదు. వచ్చేవాళ్ళని పంపించేశారు. బతికిన కుక్కని చంపేశారు. మీ ఇంట్లో కుక్క లేదా?"

పోస్టు ఉన్నదున్నట్టు టైపు చేసి పెట్టింది. సాయంత్రం టీ వేళకల్లా ఎవరెవరో జవాబులు రాశారు. అన్నీ ఒకటే మాట: పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తీశారు, ఒక్క పేజీ కూడా మార్చలేదు, మీరు ఏ పుస్తకం చదివారు?

పోస్టు అది పైకి చదవకుండా ఉండాల్సింది. చదివేసింది. కాలర్ అక్క మిషను ఆగిపోయింది.

"పోస్టూ. ఆవిడతో చెప్పు. ఆ చెల్లెలు రాలేదట. వెళ్ళిపోయిందట. నన్ను ఇంటికి రప్పించుకోవడానికి ఆవిడే కథ తిప్పి చెప్పిందట. అమ్మప్పుడు చెప్పినట్టే."

పోస్టు ఆ మాట మోయలేదు. అవసరం రాలేదు. పిన్ని వీపు అన్నీ విన్నది.

"అడుగు దాన్ని, నేనెందుకు తిప్పుతాను? పుస్తకం ఇక్కడే ఉందిగా!" అంది పిన్ని. చేతిలో కాజా తెగిపోయింది.

శుక్రవారం మిషన్లకి నూనె పెట్టడానికి మెకానిక్ వచ్చాడు. ఆ కుర్రాడు పని నేర్చుకోవడానికి రెండేళ్ళు జపాన్‌లో ఉండి వచ్చాడు, వాళ్ళ చదువు కూడా కొంచెం వచ్చు. భోజనాల వేళ కాలర్ అక్క లేచి నిలబడింది.

"పోస్టూ, ఆ పుస్తకం అతనికి ఇవ్వమను. ఆవిడ చెప్పింది అందులో ఉంటే ఆదివారం వస్తాను. లేకపోతే ఈ జన్మకి లేదు."

పిన్ని పుస్తకాన్ని రెండు చేతులతో, ధీమాగా అందించింది. మెకానిక్ చేతులు తుడుచుకుని, పుస్తకాన్ని అటు తిప్పి ఆఖరి పేజీ తెరిచాడు.

"అదేంటి నాయనా, చివర్నుంచి మొదలెట్టావు?"

"ఇదే మొదలు పిన్నీ. వాళ్ళు పుస్తకాన్ని కుడి నుంచి ఎడమకి చదువుతారు. మన చివర వాళ్ళకి మొదలు."

ఎవరి చేతిలోంచో డబ్బా మూత కింద పడి గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

"అందుకేనా అంకెలు తగ్గుతూ వచ్చాయి!" అంది పోస్టు.

"మరి స్టేషన్లో కౌగిలించుకున్నారుగా" అంది పిన్ని.

"వెళ్ళేటప్పుడు కూడా కౌగిలించుకుంటారు పిన్నీ."

"కుక్కని తవ్వి తీశారుగా."

"పూడ్చడానికి కూడా తవ్వాలిగా."

"మరి ఆ చెల్లెలు? ఆకలేస్తోందని..."

మెకానిక్ ఆ బొమ్మ మీది అక్షరాలు కూడబలుక్కున్నాడు. "ఇంక నీ ముఖం చూడను అంటోంది."

పిన్ని పుస్తకం వెనక్కి తీసుకుంది. ఇటు నుంచి చూసింది. అటు నుంచి చూసింది. రెండేళ్ళు కష్టపడి ఒక్కొక్కరినీ ఇంటికి చేర్చుకున్న మనిషి, ఆ ఏడుగురూ ఒకేసారి చేతుల్లోంచి జారిపోతుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. నోరు తెరుచుకునే ఉంది. కళ్ళజోడు పీలిక ఊడి చెంప మీద వేలాడుతున్నా సర్దుకోలేదు.

"నాకు అలా అనిపించనే లేదు" అంది చివరికి, చిన్న గొంతుతో. "ఒక్కసారి కూడా."

కాలర్ అక్క తొమ్మిదేళ్ళ తర్వాత అక్క ముఖంలోకి చూసింది. ఆ ముఖం ఆవిడకి తెలుసు. ఆ రోజు గుమ్మంలో కూడా ఇదే ముఖం. అప్పుడు నటన అనుకుంది. ఇప్పుడు నలభై మంది ముందు, నూనె చేతుల కుర్రాడి ముందు, ఆ నోరు ఇంకా మూతపడలేదు.

"ఏమే!" అని అరిచింది. "నీకు నిజంగానే తెలియదా?"

పోస్టు అలవాటు కొద్దీ "పిన్నీ, నీకు నిజంగానే..." అని మొదలుపెట్టి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మాట నేరుగా చేరిపోయింది. హాలు గుడ్లప్పగించింది. గడియారం గోడ వైపు చూడ్డం మర్చిపోయాడు.

"తెలియదే" అంది పిన్ని.

"అమ్మప్పుడు?"

"లేచి కూర్చుందే. రెండు ముద్దలు తింది. దువ్వెన అడిగి నా జడ వేసింది. తగ్గుతోందనే అనుకున్నాను. నాలుగో రోజు పొద్దున్నే మంచినీళ్ళు తీసుకెళ్ళి, నిద్రపోతోంది, బాగా పట్టింది, లేపకూడదు అని గంటసేపు పక్కనే కూర్చున్నాను."

కాలర్ అక్క కుట్టిన కాలర్ల గుట్ట మీద కూలబడింది.

"గంటసేపా?"

"గంటసేపు."

"తొమ్మిదేళ్ళు నువ్వు అబద్ధాలకోరువని అనుకున్నాను! ఉత్త మొద్దువా నువ్వు?"

"మొద్దునే."

"ఎంత కోపం తెచ్చుకున్నానో తెలుసా? పెళ్ళిళ్ళకి రాలేదు. నీ మోకాలి ఆపరేషన్‌కి రాలేదు. అంతా దండగేనా! ఇప్పుడు ఈ కోపమంతా ఎవరి మీద పెట్టుకోను?"

"నా మీదే ఉంచుకోవే. అలవాటైపోయింది."

కాలర్ అక్క మళ్ళీ నోరు తెరిచింది. అంతలో గడియారం తేరుకుని బెల్లు కొట్టాడు. ఆవిడ ముక్కు తుడుచుకుని, మిషను వైపు తిరిగి, సాయంత్రం దాకా మళ్ళీ ఒక్క ముక్క మాట్లాడలేదు. శనివారం కూడా అంతే. పోస్టు ద్వారా కూడా కబురు లేదు. అంతకు ముందు కత్తెర గురించైనా తగువు ఉండేది.

కథలో చెల్లెలు రాలేదు. ఈ సంగతి పిన్ని గుండెలో ఇరుక్కుంది. శనివారం సాయంత్రం బస్సు వెళ్ళిపోతుంటే చూసి, "వెళ్ళిపోయింది" అంది. పక్కనే ఉన్న పోస్టుకి భయం వేసింది.

ఆదివారం పిన్ని ఒక్క మనిషికే వండుకుంది. బల్ల మీద ఒక్క కంచమే పెట్టుకుంది. జీవితంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చూడాలని తీర్మానించుకుని, మెతుకు నోట పెట్టబోతుండగా వీధి తలుపు దబదబా మోగింది.

కాలర్ అక్క చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"నేనేం భోజనానికి రాలేదు. మొన్న సగంలో బెల్లు కొట్టేశాడు. నిన్ను తిట్టాల్సింది ఇంకా చాలా ఉంది. గంటసేపు కూర్చుందట, గంటసేపు! ఒంటి మీద చెయ్యి వేసి చూడాలని..." ఆవిడ బల్ల వైపు చూసింది. తర్వాత అక్క వైపు చూసింది. ఈసారి నోరు తెరుచుకున్నది చెల్లెలిది.

"ఒక్క కంచం పెట్టుకుని కూర్చున్నావేంటే? వస్తానని కబురు పంపలేదూ?"