డాక్టరమ్మ కోపానికి అపాయింట్‌మెంట్ అక్కర్లేదు

మా మేనత్తకి కోపం వచ్చిపోవడమంటూ ఉండదు, ఎప్పుడూ కాపురం ఉంటుంది. ఆవిడ నరాల డాక్టరు. గొంతు లేచిందంటే వీధి చివర ఆపిన కార్లు వాటంతటవే హారన్లు కొడతాయి, నమ్మకపోతే మీ ఇష్టం. నా తెలివి తట్టుకోలేక కాలేజీ నన్ను వదులుకున్నాక ఆవిడ క్లినిక్‌లో చేరాను. పేషెంట్లని పిలవడం, తిట్లు తినడం నా ఉద్యోగం. రెండోదాంట్లో నన్ను మించినవాడు ఇంకా పుట్టలేదు.

లిఫ్టు ఆలస్యమైతే లిఫ్టుని తిడుతుంది. పెన్ను రాయకపోతే పెన్ను కంపెనీవాళ్ల వంశాన్ని తిడుతుంది. ఇవన్నీ చిల్లర కోపాలు. ఒళ్లంతా మండేది మాత్రం ఒక్క మాటకే: "నటన."

ఆ మాట పట్టుకుని మొన్న ఒక మేనేజరు వచ్చాడు. వెంట అతని ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తే అమ్మాయి. ముక్కూమొహం తెలియనివాళ్లు తిడుతుంటే రోజంతా నవ్వుతూ "క్షమించండి" అనడం ఆమె పని. ఒకరోజు ఫోనెత్తితే గొంతు రాలేదు. అప్పట్నుంచీ గుసగుసే. గొంతు డాక్టరు చూసి అంతా బాగుందన్నాడు.

"దగ్గితే ఖంగుమంటోంది మేడమ్. నటన అని ఒక ముక్క రాసివ్వండి, ఉద్యోగంలోంచి తీసేస్తాను," అన్నాడు మేనేజరు.

నేను కుర్చీ గోడ దాకా జరుపుకున్నాను.

"దగ్గు మోగితే సంతోషించవయ్యా, గొంతు చెడలేదని," అంది అత్త. "దగ్గు దానంతటది వస్తుంది. మాట్లాడాలంటే మెదడు చెప్పాలి. భయం, కోపం చూసుకునే భాగం వెళ్లి, కదలికలు చూసుకునే భాగం పనిలో వేలు పెట్టింది. ఈ పిల్ల గొంతు ఆపలేదు, అదే ఆగిపోయింది. నీకు ఒళ్లు జలదరిస్తే అదీ నటనేనా?"

అంతలో నా వైపు తిరిగింది. "నువ్వేంట్రా గోడకి బల్లిలా? మంచినీళ్లేవి?"

"మీ చేతిలోనే ఉన్నాయత్తా."

"ఉంటే చెప్పొద్దూ దున్నపోతా?"

అమ్మాయి కిసుక్కున నవ్వింది. నవ్వుకి శబ్దముంది.

"అది నీ గొంతేనమ్మా. దాన్నే సాగదియ్యి. మ్మ్ అను."

"మ్మ్... మ్మా..."

"చెప్పానా? వస్తోంది. అంతా నటన," అన్నాడు మేనేజరు.

అమ్మాయి లేచి నిలబడింది. "నోరు... ముయ్యండి సార్."

మూశాడు. అత్త కాగితం మీద పరపరా రాసి అతని మొహాన పెట్టింది: నిజమైన జబ్బు, వైద్యం ఉంది, నయమయ్యేదాకా ఫోన్లు లేని పని ఇవ్వాలి. "ఈమెని తీసేస్తే మీ ఆఫీసుకి నేనే వస్తాను," అంది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

అమ్మాయి గుమ్మం దగ్గర ఆగింది. నన్ను చూపిస్తూ గీరుకుపోయిన గొంతుతో, "ఈయన్ని అలా తిట్టకండి డాక్టరుగారూ," అంది.

"తిడతాను. నేను అరిస్తే కప్పు కూలిందా? వీడు పారిపోయాడా? కోప్పడినా ఏమీ కాదని నీలాంటివాళ్లు కళ్లారా చూడాలనే వీణ్ణి పెట్టుకున్నాను."

"అయినా... నాకు కోపంగా ఉంది."

అత్త మొహం వెలిగిపోయింది. "ఉండనీ. రేపు దాన్ని తీసుకునే రా."

నా ఛాతీ పొంగి చొక్కా గుండీ ఎగిరిపోయింది. "పళ్లు లోపల పెట్టి, తర్వాతివాళ్లని పిలువు," అంది అత్త.